హిసానో ముట్టనివ్వని కాలువ

ఎన్‌దో గురువుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు తన పాదాలు రెండూ వేడినీళ్ళలో పెట్టుకునేవారు. ఆయన ఉండేది జపాన్ కొండల్లో, నేలలోంచి వేడినీళ్ళు ఉబికే షిరాయు అనే ఊళ్ళో. అక్కడ వీధి పక్కనే పాదాలు నానబెట్టుకునే తొట్టెలుంటాయి. ఆవిరి పగలంతా ఇళ్ళ మీద తేలుతూ ఉంటుంది. ఎదురుగా వచ్చే మనిషి బాగా దగ్గరికి వస్తేగాని ఎవరో తెలియదు.

ఒక మంచు ఉదయం సెయిచి అనే శిష్యుడు ప్రయాణపు మూటతో వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. పదేళ్ళుగా గురువు నోటివెంట వచ్చిన ప్రతి మాటా రాసుకున్నాడట. దగ్గినా రాసుకున్నాడేమో, పన్నెండు పుస్తకాలయ్యాయి. మొదట్లో ఒక్క మాట వింటే కళ్ళు చెమర్చేవి. ఇప్పుడు ఎన్ని విన్నా లోపల తడి లేదు. "మీలో ఏమైనా తగ్గిందా, నాలో ఏమైనా చచ్చిందా? అది తెలియకపోతే ఇవాళే వెళ్ళిపోతాను" అన్నాడు. గురువుగారికి కోపం రాలేదు. నీళ్ళలో పాదాలు కదుపుతూ హిసానో సంగతి చెప్పారు.

హిసానో ఆ ఊళ్ళోనే చిన్న స్నానాల సత్రం నడిపేది. కొండమీది ఊట నుంచి సత్రం దాకా నీళ్ళు రావడానికి ఆమె భర్త దేవదారు మానులు తొలిచి, పైన పలకలతో మూసి, కాలువ చేశాడు. ఆ నీళ్ళలో తెల్లటి ఖనిజపు పొడి ఉంటుంది. ఒంటి నొప్పులు తీసేది అదే, కాలువలో గట్టిగా పేరుకునేదీ అదే. ఏటా మంచు పడకముందు అతను దాన్ని గీకేవాడు. అతను పోయాక హిసానో ఆ కాలువ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. అది ఆయన చేతిపని, అలాగే ఉండాలంది. నాలుగేళ్ళు తిరిగేసరికి నీళ్ళు నూలుపోగంత సన్నగా రాసాగాయి. ఊట కూడా ఆయన వెనకే పోతోందనుకుని సత్రం మూసేయడానికి సిద్ధపడింది.

పక్కింటి ముసలి గిసుకె మనసొప్పక పలకలెత్తి చూశాడు. లోపల తెల్లగా గడ్డకట్టి వేలు పట్టేంత దారి కూడా లేదు. "అమ్మా, నీళ్ళు పైన అలాగే ఉన్నాయి. నీ దాకా రానివ్వనిది ఇది" అన్నాడు. ఆమె చాలాసేపు ఏడ్చి, చివరికి సరేనంది.

గిసుకె సాయంత్రం దాకా గీకాడు. తెల్లటి పెళ్ళలు మంచులో పడి మంచులా కలిసిపోయాయి. వాటి కింద, కొయ్య మీద, ఆమె భర్త ఉలి గుర్తులు నిన్న చెక్కినట్టు వరసగా బయటపడ్డాయి. కాపాడుకుంటున్నాననుకుని ఆమె ఇన్నేళ్ళూ కప్పిపెట్టింది వాటినే. ఒక్కో గుర్తునూ వేలితో తడుముతూ కూర్చుంది. అంతలో పైనుంచి నీళ్ళు వచ్చాయి. ఆవిరి కమ్ముకుని ఆమె కనిపించలేదు, నవ్వు మాత్రం వినిపించింది.

సెయిచి మూట విప్పి, పన్నెండు పుస్తకాలూ గురువుగారి ముందు పెట్టి, అయితే వీటిని పొయ్యిలో వేసేయమంటారా అని అడిగాడు.

గురువుగారు పాదాలు తుడుచుకుంటూ, "గిసుకె కాలువను విరగ్గొట్టలేదు నాయనా, పేరుకున్నది గీకాడంతే" అన్నారు.