పోలి కొలిచిన అడ్డెడు బియ్యం

అనగా అనగనగా, సముద్రం పక్కన ఒక ఊరు, ఆ ఊరికో రాజు. మంచివాడే. కాకపోతే తనకేదైనా తోచిందంటే ఇంకెవరి మాటా చెవికెక్కదు. ఆ రాజుకి ఒకరోజు తోచిందట, పిల్లలందరికీ ఒకటే బడి ఉండాలని. ఉండాలంటే ఉండాలి. కుండలు చేసేవాళ్ళ పిల్లలొచ్చారు, వలలు వేసేవాళ్ళ పిల్లలొచ్చారు, మేకలు కాసేవాళ్ళ పిల్లలొచ్చారు, ఉప్పు పండించేవాళ్ళ పిల్లలొచ్చారు, కొండ మీంచి వేరే భాష మాట్లాడే పిల్లలొచ్చారు, ఆఖర్న పల్లకీలో రాజుగారబ్బాయీ వచ్చాడు. ఊ కొడుతున్నారా? కొట్టండి, లేకపోతే మీకంటే ముందు నేనే నిద్రపోతాను.

పాఠం చెప్పే ఆయన చయనులు పంతులుగారు. బడి ఆయన ఇంటి అరుగు మీదే. లోపల వంటింట్లో ఆయన కోడలు భ్రమరాంబ. పప్పు రుబ్బుతూ ఒక చెవి, కూర తరుగుతూ ఒక చెవి, పాఠాలన్నీ ఆవిడకీ వచ్చేశాయి. ఆ ఏడాది కొలతల పాఠం. రెండు గిద్దెలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. పొద్దస్తమానం ఇదే గోల. ఏం, మీరు ఎక్కాలు అరవరూ, అలాగే.

ఇంతలో రాజు కబురంపాడు. విజయదశమికి తానొస్తాడట, అందరూ కొలతలు ఒప్పజెప్పాలట, తడబడినవాళ్ళు మర్నాటినుంచి బడికి రానక్కర్లేదట. అందరికీ ఒకటే పరీక్ష, ఎవరికీ ఎక్కువా లేదు, ఎవరికీ తక్కువా లేదు, అదే ధర్మం అన్నాడట. పంతులుగారు కూడా భేషుగ్గా ఉందన్నారు.

ఉప్పు మడుల దగ్గర్నించి పోలి అని ఒక పిల్ల వచ్చేది. నత్తి. లేచి ఒప్పజెప్పమని పంతులుగారంటే "రెండు గిద్దెలు అర... అర... అర..." దగ్గరే ఆగిపోయేది. పిల్లలు కిసకిసా నవ్వేవారు. పంతులుగారు కొట్టలేదు, తిట్టలేదు. నీకు చదువు రాదమ్మా, మీ నాన్నతో చెప్పు అన్నారు, అంతే. నాన్నతో చెబితే ఏమవుతుంది? ఉప్పు తట్ట నెత్తికెక్కుతుంది, బడి అయిపోతుంది. ఆ పిల్ల ఇంటికి పోకుండా పంతులుగారి గొడ్ల చావిడి వెనకాల కూచుని ఏడ్చింది.

భ్రమరాంబ చూసింది. ఊరుకో, ఏడవకు అని మాత్రం అనలేదు. ఆవిడ తత్వమే అంత, ముందు పని చెబుతుంది. మానిక ఎక్కడ పెట్టానో కనబళ్ళేదు, ఈ సోలతోనే అడ్డెడు బియ్యం కొలిచి పొయ్యవే అంది. పోలి కళ్ళు తుడుచుకుని, ఒక్కో సోలనీ అరచేత్తో చదును చేసి, ఎనిమిది పోసి ఆగిపోయింది. భ్రమరాంబకి అర్థమైంది. పాఠమంతా ఈ పిల్ల చేతిలో ఉంది, వీళ్ళేమో నోట్లో వెతుకుతున్నారు.

ఆ సాయంత్రం మావగారితో నెమ్మదిగా చెప్పి చూసింది. ఆయన వినలేదు. ఒకళ్ళకి సడలిస్తే రేపు అందరూ అడుగుతారన్నారు. అబద్ధమా అంటే అబద్ధమూ కాదు. ఆవిడ వాదించలేదు. మర్నాడు వంట మానేసింది.

పూజ చేసుకుని, కడుపు నకనకలాడుతుంటే పంతులుగారు పీట మీద కూచున్నారు. ఆకులో ఏముంది? వేయించిన సెనగలు, చెరుకు ముక్కలు, రాయిలాంటి చెక్కలు. పక్కన కొడుకూ మనవడూ కరకరా నమిలేస్తున్నారు. ఈయనకి నోట్లో పన్నన్నది లేదు. ఒక సెనగ అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్ళీ అటు తిప్పి...

ఏమిట్రా కాముడూ, కథ మధ్యలో నీ ప్రశ్న? నాకూ పళ్ళు లేవు కదా, నేనెలా తింటానంటావా? దంచుకు తింటాను. కథ విను.

భ్రమరాంబ వచ్చి ఆకు తీసెయ్యబోయింది. మావయ్యగారికి ఇవాళ ఆకలి లేనట్టుంది అంది. పంతులుగారికి ఒళ్ళు మండిపోయింది.

"ఆకలి పళ్ళలో ఉంటుందటే? కడుపులో ఉంటుంది."

"అందరికీ ఒకటే వడ్డించానండీ. తిన్నవాళ్ళకి ఆకలుందని, తిననివాళ్ళకి లేదని రాజుగారి లెక్క. మరి పోలి చదువు నాలిక మీదే ఉండాలన్నారు కదా, మావయ్యగారూ."

ఆవిడ లోపలికెళ్ళి, ముందే వండి దాచిన మెత్తటి అన్నం, ముద్దపప్పు, నెయ్యి తెచ్చి వడ్డించింది. ఆయన తలొంచుకుని తిన్నారు.

విజయదశమి వచ్చింది, రాజొచ్చాడు. పంతులుగారు ఒక బియ్యం బస్తా, ఒక సోల, ఒక చేట పెట్టించారు. పాఠం ఒకటే మహారాజా, ప్రశ్నా ఒకటే, అడ్డెడు బియ్యమంటే ఎంత? కొలిచి చూపిస్తారో, సుద్దతో గీస్తారో, తమ భాషలోనే చెబుతారో వాళ్ళ ఇష్టం అన్నారు. రాజు మొహం చిట్లించాడు. ఇలాగైతే రానివాడు కూడా గట్టెక్కేస్తాడే అన్నాడు. చూద్దురుగాని అన్నారు పంతులుగారు.

కొండపిల్లాడు వాళ్ళ భాషలో చెప్పాడు, వెంటొచ్చిన వాళ్ళ తాత దాన్నే తెలుగులో చెప్పాడు. సరిపోయింది. పోలి కొలిచింది. రాజు అనుమానం కొద్దీ అడ్డ తెప్పించి పోయించాడు. ఒక గింజ పైకి లేదు, ఒక గింజ కిందకి లేదు. ఇక రాజుగారబ్బాయి. గిద్దె దగ్గర్నించి కుంచం దాకా గుక్క తిప్పుకోకుండా గడగడా అప్పజెప్పేశాడు. రాజు మురిసిపోయాడు. సరే బాబూ, అడ్డెడంటే ఎన్ని సోలలో ఎలాగైనా చూపించు అన్నారు పంతులుగారు. ఆ పిల్లాడు సుద్ద ముట్టుకోలేదు. సోల పట్టుకున్నాడు. పోశాడు, పోశాడు, పోస్తూనే ఉన్నాడు. చేట నిండి బియ్యం నేలపాలయ్యాయి.

రానివాళ్ళు వెళ్ళిపోవాలని అన్నదెవరు? రాజే. కొడుకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తండ్రి నేలమీది బియ్యం వంకే చూస్తున్నాడు. భ్రమరాంబ తలుపు వెనకాల నించుని, ఇలా అవుతుందని నేననుకోలేదే అని బాధపడింది.

అప్పుడు పోలి లేచింది.

"వా... వాణ్ణి పం... పం... పం..."

అలవాటుకొద్దీ పిల్లలు నవ్వబోయారు. రాజు చెయ్యెత్తి ఆపాడు. అందరూ ఆగారు. రాజు ఆగాడు, పంతులుగారు ఆగారు, బడి బడంతా ఆ పిల్ల మాట పూర్తయ్యేదాకా ఆగింది.

"పంపెయ్యొద్దు. నే... నేను నేర్పుతాను."

రాజుగారబ్బాయి సోల పట్టుకొచ్చి పోలి పక్కన కూచున్నాడు. రాజు తన మాట వెనక్కి తీసుకున్నాడు. రానివాళ్ళకి రాలేదనే చెప్పండి, కానీ బయటికి పంపొద్దు, వచ్చేదాకా చెప్పండి అన్నాడు. పోలి చదువుకుంది, రాజుగారబ్బాయీ చదువుకున్నాడు, అందరూ సుఖంగా ఉన్నారు. ఎవరికేం వచ్చో చూడాలంటే, అది వాళ్ళకి వీలైన దారిలో బయటికి రానివ్వాలర్రా, అంతే.

కథేమో కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దారి పట్టండి.