తేనెకొండ దిగిన ఈరమ్మ

దుప్పటి కప్పుకుని ఇటు తిరుగు బంగారూ. ఊఁ కొడుతూ వినాలి, సరేనా?

అనగనగా నల్లమల అడవిలో, ఓ పెద్ద కొండ పక్కన ఒక చెంచుగూడెం ఉండేదిట. ఆ గూడెంలో ఈరమ్మ అని పెళ్ళీడు పిల్ల ఉండేది. వాళ్ళ నాయన బయ్యన్న కొండ అంచు నుంచి తాడు మీద దిగి తేనె తెచ్చేవాడు. ఆ తేనె అమ్మితేనే ఇంట్లోకి గింజలు. ఒకసారి బయ్యన్న జారిపడి, భుజం విరిగి మంచాన పడ్డాడు.

అప్పుడు ఈరమ్మ, "నేను దిగుతా నాయనా" అంది.

బయ్యన్న వద్దంటే వద్దన్నాడు. ఆ పిల్ల వింటేగా! మేనమామ లింగులు పైన తాడు పట్టుకున్నాడు, ఈరమ్మ దిగింది. అప్పటికి ఆ పిల్ల చీపురుపుల్లలా ఉండేది. తేనెపట్టు దాకా దిగింది గానీ, పైకి ఎక్కబోతే చేతుల్లో సత్తువ చాల్లేదు. కిందికి చూస్తే ఇంతింత చెట్లు గడ్డిపోచల్లా ఉన్నాయి.

"మామా, చేతులు జారుతున్నాయి!"

లింగులు అరచేతులు చీరుకుపోయేలా లాగి, ఎలాగో పైకి చేర్చాడు.

ఆ తర్వాత ఈరమ్మ పంతం పట్టింది. బలం రావాలంటే తినాలి కదా అనుకుంది. నాయన కోసం కొండ దిగే పిల్ల కదా అని గూడెంలో అందరూ తలా కాస్త పెట్టారు. ఇప్పపూలూ బెల్లమూ దంచిన ఉండలు తింది. రొట్టె మునిగేలా నెయ్యి పోసుకుని తింది. తిని పడుకుంది, లేచి మళ్ళీ తింది. బుగ్గలొచ్చాయి, పొట్టొచ్చింది. చేతులు మాత్రం పిండిముద్దల్లా మెత్తగానే ఉన్నాయి.

అప్పుడు రెండోసారి దిగింది. సగం దిగిందో లేదో, రాతి అంచున తాడు కిర్రుమంది. ఒక పేట పుటుక్కున తెగింది.

పడిపోయిందా అంటావేం, ఆగు! తక్కిన పేటలున్నాయిగా. లింగులు కాళ్ళు రాతికి తన్నిపెట్టి, పళ్ళు బిగించి లాగాడు. పైకొచ్చాక తెగిన పేట చూసి, నా బరువుకే తెగిందనుకుంది ఈరమ్మ.

ఆ తర్వాత ఈరమ్మ ఒళ్ళు తగ్గాలని తిండే మానేసింది. ఓ పొద్దున కళ్ళు తిరిగి పొయ్యి పక్కనే పడింది. లింగులు పెళ్ళాం ఈదమ్మ పరుగున వచ్చి లేపింది.

"ఓసి పిచ్చిదానా! మాడితే కొవ్వొక్కటే పోతుందటే? ఉన్న కాస్త కండా పోతుంది. ఇకనుంచి నేను పెట్టింది తిను, నేను చెప్పిన పని చెయ్యి."

పొద్దున్నే ఉలవగుగ్గిళ్ళు, ఉడకబెట్టిన గుడ్డు పెట్టేది. మధ్యాహ్నం వాగులో పట్టిన చేపలో, పప్పో, దాంతో సంకటిముద్ద. పొద్దుగూకాక పప్పూ ఆకుకూరా, మజ్జిగ. రోజూ తినేదానికన్నా ఓ పిడికెడు ఎక్కువ, అంతే. ఇంకాస్త పెట్టమంటే "చాల్లే" అనేది. తీపి ఉండలు పండక్కే. రోజూ చెట్టుకొమ్మకి తాడు కట్టి, చేతులతో ఎక్కమనేది. పని చేసి అలిసిన చేతులకైతే తిండి కండవుతుందిట. పడుకున్న ఒంటికైతే కొవ్వవుతుందిట.

ఇంట్లో గింజలు అడుగంటుతున్నాయి. ఈరమ్మకి ఒకటే ఆత్రం.

"ఇంకెప్పుడత్తా?"

"కండేమన్నా పుట్టగొడుగా, రాత్రికి రాత్రే మొలవడానికి?"

వానలు వెలిశాయి. చలి వచ్చింది, చలి పోయింది. ఈరమ్మ పొట్ట తగ్గింది, భుజాలు రాయిలా గట్టిపడ్డాయి.

అప్పుడు మూడోసారి దిగింది. కొత్త తాడు పేని, చెట్టుకి కట్టారు. సందెవేళ పొగపెట్టి, పట్టు కోసి, ఆకులు పరిచిన బుట్టలో వేసుకుంది. అంతలో గాలి తిరిగింది. పొగ పక్కకి పోయింది. తేనెటీగలు జుమ్మని పైకి లేచాయి.

"మామా, లాగు!"

పైనుంచి పలుకు లేదు.

"మామా!"

తాడు ఉంది గానీ, లాగే చెయ్యి లేదు. ఈగలు మెడ మీద కుట్టాయి, కనురెప్ప మీద కుట్టాయి. వీపున బుట్ట కిందికి గుంజుతోంది. ఈరమ్మ బుట్ట తాడు విప్పేసింది. అన్నాళ్ళు ఎదురుచూసిన తేనె లోయలోకి పోయింది. ఆ తర్వాత ఒక చెయ్యి, దాని మీద ఇంకో చెయ్యి. కుట్టినా వదల్లేదు, ఒక కన్ను వాచి మూసుకుపోయినా వదల్లేదు. రాతి అంచు చేతికి తగిలింది.

పైన లింగులు ఒళ్ళంతా ఈగలతో, స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఈరమ్మ ఆయన్ని భుజాన వేసుకుని, పొదల్లోంచి గూడెం దాకా పరిగెత్తింది.

ఈదమ్మ ముళ్ళు తీసి పసరు రాసింది. చాలాసేపు ఆయన కదల్లేదు. ఎప్పటికో ఒక కన్ను తెరిచి, "తేనె ఏదే?" అన్నాడు.

"పడేశా మామా."

"తేనెట తేనె!" అని ఈదమ్మ ఏడుస్తూనే మొగుణ్ణి కసిరింది. భుజం ఇంకా సరిగా అతకని బయ్యన్న చీకట్లో తడుముకుంటూ వచ్చి, బాగున్న చేత్తో కూతుర్ని దగ్గరకి లాక్కున్నాడు. అప్పటిదాకా ఏడవని ఈరమ్మ అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

లింగులు ముఖం వాపు తగ్గాక మళ్ళీ వెళ్ళారు. ఈసారి బుట్ట నిండా తేనె తెచ్చారు.

కథేమో కంచికి నడిచింది,
మనింట దీపం మలిగింది,
కళ్ళకి కునుకే మిగిలింది.