కుడి అడుగు లోతు

మద్దిలేటికి రెండు మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. పోర్చుగల్ వంటలు పడక కాదు. తను రాసిన వ్యాసం చదివి ఖాజావలి సారు మంచీ చెడ్డా ఏమీ అనలేదు. అదీ బాధ.

కడప వైపు కాలేజీ ఒకదాని నుంచి అధ్యాపకులు కొందరు శిలాజాల చదువు కోసం ఆ దేశం వచ్చారు. ఖాజావలి సారు వాళ్ళందరికీ పెద్ద. మద్దిలేటి ఆయన దగ్గర చదువుకుని, ఆయన పక్క గదిలోనే పాఠాలు చెబుతున్నవాడు. అక్కడ సముద్రపు ఒడ్డున, కొండచరియ మీద, కోట్ల ఏళ్ళ కిందట ఒక డైనోసార్ బురదలో నడిచిన జాడ రాయిగా మారి ఉంది. ఈమధ్యే బయటపడ్డ జాడ. దాన్ని చూసి ఏమర్థమైందో చివరి రోజు సాయంత్రం అక్కడి పండితుల ముందు మద్దిలేటి చెప్పాలి. మెప్పిస్తే రెండేళ్ళు అక్కడే ఉండి పరిశోధన చేసుకోవచ్చు. లేదంటే అందరితోపాటు విమానం ఎక్కాలి.

మద్దిలేటికి జాడ చూడగానే అర్థమైపోయింది. కుడి అడుగులన్నీ లోతు, ఎడమవి పైపైన. అంటే ఎడమ కాలికి గాయం. గాయపడి, మందకు దూరమై, నీళ్ళు వెతుక్కుంటూ ఒంటరిగా పోయిన జంతువు. వ్యాసానికి 'కుంటి డైనోసార్ చివరి నడక' అని పేరు కూడా పెట్టేశాడు. రాస్తుంటే కళ్ళు చెమర్చాయి. కథ కుదిరాక మళ్ళీ జాడ వైపు చూడలేదు.

ఆ చివరి రోజు పొద్దున అందరూ సామాన్లు బస వరండాలో దించి, ఊళ్ళోకి పోయే బస్సు కోసం చూస్తున్నారు. మద్దిలేటి లోపల అద్దం ముందు ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు. వృక్షశాస్త్రం చెప్పే సుభాషిణి మేడం తొంగిచూసి నవ్వింది.

"ఏం మద్దిలేటీ, పెళ్ళిచూపులకు పోతాండే పిల్లోని మాదిరి గొణుక్కుంటాండావే!"

"నవ్వేదేదో సాయంత్రం తర్వాత నవ్వండి మేడం. వీళ్ళ నోట్లో మన కాలేజీ పేరు నానకపోతే నా పేరు మార్చుకుంటా."

అప్పుడే ఒడ్డు నుంచి ఖాజావలి సారు కేకేశారు. "అబ్బీ, ఇట్లా రా. ఈడొక జాడ ఉంది. చదువు."

అలలు వెనక్కి పోయి ఇసుక పలకలాగా నున్నగా ఉంది. దాని మీద చెప్పులు లేని మనిషి అడుగులు, వరసగా, దూరాన ఉన్న పెద్ద బండ దాకా. మద్దిలేటి గొంతుక్కూర్చుని వేలు పెట్టి లోతు చూశాడు. నాలుగు అడుగులు ముందుకు పోయి మళ్ళీ చూశాడు.

"పొట్టి మనిషి సార్. అంగలు చిన్నవి, వయసు పైబడినోడు. కుడి కాలు లోతుగా దిగింది, ఎడమది తేలిపోయింది. ఎడమ కాలు బాగలేదు. కుంటుకుంటా పోయినాడు."

"రూఢిగానా?"

"రాసిస్తా సార్. కొండమీద జాడ కూడా అచ్చం ఇట్లాంటిదే కదా!"

"అయితే ఆ కుంటాయన బండ వెనకాలే ఉన్నాడు. పోయి పలకరించి రా."

మద్దిలేటి హుషారుగా పోయాడు.

బండ వెనక మనిషి లేడు. తన సూట్‌కేసు ఉంది. పుస్తకాలూ రాళ్ళూ కుక్కి, ఎత్తాలంటే తనకే నడుము పట్టేసే సూట్‌కేసు.

వెనక్కి తిరిగి చూశాడు. అంత దూరాన పొట్టి మనిషి ఖాజావలి సారు, బండ దగ్గర్నుంచి నీళ్ళలో నడిచి తిరిగొచ్చినట్టు మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటుతో, రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడి, ఎడమ చేత్తో కుడి భుజం రుద్దుకుంటున్నారు.

మద్దిలేటి సూట్‌కేసు మోసుకుంటూ తిరిగొచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ముందే ఒక మాట చెప్పింటే అయిపోయేది కదా సార్. ఇన్ని దినాలు ఏడిపిస్తిరే."

"చెప్తే వాదిస్తావు. నీకు పాఠం చెప్పినోణ్ణి, నాకు తెలీదా?"

"ఇప్పుడు నేనేం చెప్పాల? కథ తీసేస్తే నా దగ్గర కొలతలు తప్ప ఏముంది?"

సారు కాళ్ళకంటిన ఇసుక దులుపుకున్నారు.

"కొలతలు బాగా తీసినావు" అన్నారు. అంతే. బస్సొచ్చింది.

సాయంత్రం మద్దిలేటి వ్యాసం పేరు కొట్టేసి వేదిక ఎక్కాడు. ఏ అడుగు ఎంత లోతు, ఏ అంగ ఎంత పొడవు, బురద ఎక్కడ మెత్తన, ఎక్కడ గట్టి, అన్నీ తొణక్కుండా చెప్పాడు. అయ్యాక ముందు వరసలో ఉన్న పెద్దావిడ, పరిశోధనకు మనుషులను ఎంచేది ఆవిడే, కళ్ళజోడు సవరించుకుని అడిగింది.

"అయితే ఆ జంతువు కుంటిదంటారా?"

హాలంతా అతని నోటివైపే చూసింది.

"కుడి అడుగు లోతుగా దిగిందమ్మా. నేను చూసింది అంతవరకే" అన్నాడు మద్దిలేటి. "ఎందుకు దిగిందో తెలుసుకోవడానికే రెండేళ్ళు అడుగుతున్నాను."