ఏకాదశి నాటి పొయ్యి

హెచ్.ఐ.వి. మాత్రలు ఇక పనిచేయడం లేదని డాక్టరమ్మ చెప్పిన రోజు, ఓబులేసు ఆస్పత్రి నుంచి తిన్నగా ఆశ్రమానికి వచ్చాడు. చేతిలో కొత్త మాత్రల సీసా ఉంది. దాన్ని ఏట్లో పారేసే ముందు గురువుకు ఒక మాట చెప్పిపోదామని వచ్చాడు.

పెన్న ఒడ్డున ఆ చిన్న ఆశ్రమం నడిపే నాంచారమ్మను అందరూ అవ్వ అనే పిలుస్తారు. ఆ రోజు ఏకాదశి. ఆశ్రమంలో పొయ్యి వెలగదు, ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టరు. అవ్వ వసారాలో కూర్చుని తులసి పూసలు గుచ్చుతోంది.

"రోగం మల్లా పెరిగిందంట అవ్వా. పాత మందుకు లొంగదంట. ఇది వేసుకోమన్నారు. నేను వేసుకోను."

"ఎందుకు?"

"ఇన్నేండ్లు మింగిందానికే దిక్కు లేదు. ఇంక చాలు. నాకు నా వ్రతముంది, దేవుడుండాడు."

వ్రతం మాట వచ్చేసరికి ఓబులేసు మెడ నిటారుగా లేచింది. ఉపవాసాల్లో అతన్ని మించినవాడు ఆశ్రమంలో లేడు మరి. ఏకాదశులు, శనివారాలు, కార్తీక సోమవారాలు, ఒక్కటీ వదలడు. జ్వరమొచ్చింది, ఈపూటకి గంజి తాగరా అన్నా వినడు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"మధ్యలో మాత్రలు మానేసినావా?" అని అడిగింది అవ్వ.

"డాక్టరమ్మ గూడా అదే అడిగింది. ఒక్క రోజూ మానలేదని చెప్పినా."

"ఉపవాసం నాడు?"

ఓబులేసుకు నవ్వొచ్చింది. అవ్వకు తెలియని సంగతా ఇది!

"నీళ్లే ముట్టని నాడు మాత్రెట్లా మింగుతా అవ్వా? అది మానడం కాదు గదా, వ్రతం."

అవ్వ చేతిలో దారం ఆగిపోయింది. మెచ్చుకుంటుందేమోనని ఓబులేసు ఎదురుచూశాడు, పిచ్చివాడు.

అవ్వ లేచి వంటింట్లోకి వెళ్లి పొయ్యి రాజేసింది. పొగ చూసి పెద్ద శిష్యుడు వీరనాగప్ప పరుగున వచ్చాడు.

"అవ్వా! ఏకాదశి!"

"తెలుసులే. పక్కకు జరుగు, ఎసరు పెట్టల్ల."

తక్కినవాళ్లూ గుమ్మం దగ్గర మూగారు. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి ఆమె ఏకాదశి తప్పింది లేదని వాళ్లందరికీ తెలుసు.

అన్నం ఉడికింది. అవ్వ కంచంలో వడ్డించి, మజ్జిగ పోసి, ఓబులేసు ఎదురుగా వచ్చి కూర్చుంది. మొదటి ముద్ద తనే నోట్లో పెట్టుకుంది. అందరూ చూస్తుండగా నమిలి మింగింది. వీరనాగప్ప కళ్లు మూసుకున్నాడు.

"ఎంత పని చేస్తివి అవ్వా!" ఓబులేసు గొల్లుమన్నాడు. "నా కోసం ఇంత పాపమా?"

"పాపమైతే ఆ దేవుణ్నే వచ్చి నన్నడగమను. నేనూ ఆయన్ని అడిగేవి ఉండాయి."

కంచం అతని ముందుకు తోసింది.

"తిను. తిని మాత్ర వేసుకో. రేపు పోయి డాక్టరమ్మకు చెప్పు, ఉపవాసాల నాడు మాత్ర మానబట్టే రోగం మందుకు లొంగకుండా పోయిందని."

ఓబులేసుకు సిగ్గేసింది. తన ప్రాణానికి తానే గండి కొట్టుకుంటూ దాన్ని పుణ్యమనుకున్నందుకు ఒళ్లు మండింది. అంత మందీ చూస్తుండగా కంచం ఖాళీ చేశాడు. సీసా మూత తిప్పి మాత్ర నోట్లో వేసుకుని, చెంబెడు నీళ్లు గటగటా తాగాడు. చావనివ్వను, చూద్దాం అనుకున్నాడు తన ఒంటిని చూసుకుని.

చెయ్యి కడుక్కుని వచ్చి, వీరనాగప్పకు కూడా వినబడేట్టు అడిగాడు.

"వచ్చే ఏకాదశికో అవ్వా?"

"మల్లా వండుతా," అంది అవ్వ.