ఖాళీ కనెక్టరూ, ముగ్గురు తెలివైనవాళ్ళూ

మదనపల్లె దారిలో ఓబులేసు, గంగులప్ప, చౌడప్ప అని ముగ్గురన్నదమ్ములకు ఒక లారీ ఉండేది. దాని నుదుటి మీద పెద్ద పెద్ద అక్షరాలతో "తెలివైన అన్నదమ్ములు" అని రాయించుకున్నారు. ఊళ్ళో ఎవరూ ఆ మాట అనడం లేదు కాబట్టి మనమే రాయించుకోవాలని పెద్దోడు ఓబులేసు తీర్మానించాడు. అంత ముందుచూపు ఆయనది.

ఒకరోజు పొద్దున్నే లచ్చుమక్క తోట టమాటాలు ఎత్తుకుని మార్కెట్టుకు బయల్దేరారు. ఆమె కూడా క్యాబిన్‌లో కూర్చుంది. "ఓబులేసూ, రెండుసార్లు వేలం అయిపోయినాక చేర్చినావు. ఈసారీ అట్లే జేస్తే నా పంట ఇంకెప్పుడూ నీ బండెక్కదు" అని ముందే చెప్పేసింది. ఆమె తోట తప్ప ఆ బండికి వేరే గిరాకీ లేదు. ఓబులేసుకు లోపల గుబులుగానే ఉంది.

సగం దారిలో ఇంజన్‌కు నీళ్ళు పొయ్యడానికి ఆగి, అందరూ దిగి, దాని మీదుండే క్యాబిన్ పైకెత్తారు. ఇంజన్ పక్కన ఒక కనెక్టర్, అదే, వైర్ల చివర ఉండే ప్లాస్టిక్ మూతి, దేనికీ తగిలించకుండా వేలాడుతోంది.

"అన్నా, ఇది ఊడిపోయుండాది" అన్నాడు గంగులప్ప.

"ఊడిపోతే బండి నడవకూడదు గదా" అన్నాడు చౌడప్ప.

"అయితే ఇంతసేపూ తప్పుగా నడిచిందిరా. దీని చోటు దొరికేదాకా బండి తీసేది లేదు" అని ఓబులేసు తేల్చేశాడు. ఇందాకటిదాకా బాగానే వచ్చింది గదప్పా అని లచ్చుమక్క మొత్తుకున్నా వినలేదు.

మెకానిక్ మస్తాన్‌కు ఫోన్ చేశారు. "ఎందులో సరిగ్గా పడుతుందో చూడు. పడితే అదే దాని చోటు" అన్నాడు మస్తాన్.

అంతే. గంగులప్ప పక్కనున్న ఇంకో కనెక్టర్ పీకి, ఆ చోట దీన్ని పెట్టాడు. టక్కున పడింది. ముగ్గురూ మురిసిపోయారు. అయితే ఇప్పుడు పీకింది వేలాడుతోంది. పాపం, దానికీ చోటు చూడాలి కదా. ఇంకేముంది, ఇంకోటి పీకి దాన్ని అందులో పెట్టారు. అదీ పడింది. అట్లా ఆరు కనెక్టర్లకు కొత్త చోట్లు దొరికాయి గానీ, వేలాడేది మాత్రం ఒకటి మిగులుతూనే ఉంది. తాళం తిప్పితే ఇంజన్ ఉలకలేదు, పలకలేదు.

"వరస నేను చూస్తానే ఉండాను, జరగండి" అని లచ్చుమక్క కొంగు దోపుకుని వచ్చి, చివరి నుంచి మొదటికి ఒక్కొక్కటే పాత చోట్లలో పెట్టింది. ఇంజన్ పలికింది. మొదట దొరికింది మాత్రం మళ్ళీ వేలాడింది. ఈసారి ఆమే ఫోన్ తీసుకుని, అది ఎక్కడుందో, దానికి ఏ రంగు వైర్లున్నాయో మస్తాన్‌కు చెప్పింది.

"అది ఏసీ కోసం వదిలిన వైరక్కా. మీ బండికి ఏసీ లేదు, అందుకే ఖాళీగా ఉండాది" అన్నాడు మస్తాన్.

"వైరు మన దగ్గరుంటే ఏసీ యాడికి పోతుంది? వెతకండ్రా" అన్నాడు ఓబులేసు. గంగులప్ప టమాటా క్రేట్లు దించి అడుగున వెతికాడు. చౌడప్ప స్టెప్నీ టైరులో చెయ్యి పెట్టి చూశాడు. పదమూడు క్రేట్లు రోడ్డు మీదికొచ్చాక లచ్చుమక్క కర్ర అందుకుంది. ఇంకేముంది, దించినవన్నీ మళ్ళీ ఎక్కించారు.

ఎండ ఎక్కింది, వేలం వేళ దగ్గరపడింది. ఓబులేసుకు ఏడుపొక్కటే తక్కువ. మళ్ళీ ఫోన్ చేసి, "ఇప్పుడేం చెయ్యమంటావన్నా?" అన్నాడు.

"ఏం చెయ్యొద్దురా నాయనా. ఊగి దేనికైనా తగలకుండా, కదలని దానికి గట్టిగా కట్టేసి బయల్దేరండి."

ముగ్గురూ బండి చుట్టూ తిరిగారు. ఇంజన్ కదులుతుంది. చక్రాల సంగతి సరేసరి. డీజిల్ ట్యాంకు కూడా బండితో పాటే వస్తుంది. "బండికుండేవన్నీ కదిలేవే గదన్నా" అన్నాడు చౌడప్ప దిగులుగా. ఓబులేసు నాలుగు దిక్కులా చూశాడు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి కనిపించింది. వెళ్ళి ఒక్క తన్ను తన్నాడు. వేలు వాచింది గానీ రాయి కదల్లేదు. అంతే, నైలాన్ తాడు తెచ్చి ఒక కొస కనెక్టర్‌కు, ఇంకో కొస రాయికి మూడేసి ముళ్ళు వేసి కట్టాడు. వెనక క్రేట్లు లెక్కపెట్టుకుని, క్యాబిన్ దించాకే వచ్చి ఎక్కిన లచ్చుమక్కకు ఇదేమీ కనబడలేదు.

బండి కదిలింది. పది అడుగులు బాగానే పోయింది. తర్వాత కింద ఏదో పర్రుమంది, ఇంజన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. దిగి చూస్తే రోడ్డు పొడుగునా రంగురంగుల వైర్లు. లచ్చుమక్క వెనక వస్తున్న ఇంకో లారీకి చెయ్యెత్తింది.

ఓబులేసు మాత్రం పరుగున రాయి దగ్గరికెళ్ళి, ముళ్ళు పట్టి చూసి, ఊపిరి పీల్చుకుని ఫోన్ తీశాడు.

"మస్తానన్నా, బాగా కట్టినాం. కనెక్టర్ రాయి కాడ్నే ఉండాది, ఇంచు కూడా కదల్లేదు. బండే ఎందుకో, దాన్ని వదిలిపెట్టి రాలేకపోతా ఉండాది."