నాగరత్తమ్మ కుడిచెయ్యి

మాత్రలంటే ప్రభంజన్‌కు ఒళ్లు మంట. "ఇవి మందులు కావు, పేదవాడికి వేసిన సంకెళ్లు!" అని వార్డు మధ్యలో నిలబడి అనేవాడు. మూర్ఛ వైద్యం నేర్చుకోవడానికి డాక్టర్ గౌసుద్దీన్ దగ్గర చేరి రెండేళ్లయింది.

బజ్జీల బండి నాగరత్తమ్మకు వారానికి నాలుగుసార్లు ఫిట్స్ వచ్చేవి. గురువుగారు ఆమె ఛాతీలో, చర్మం కింద ఒక చిన్న మిషను పెట్టించారు. అది మెడ నరం గుండా మెదడుకు సన్నటి కరెంటు పంపిస్తుంది. మాత్రలు మాత్రం మానొద్దన్నారు. ఏడాది తిరిగేసరికి ఫిట్స్ నెలకొకటికి దిగాయి.

గురువుగారు ఊళ్లో లేని వారం, ఆమె మందుల చీటీలో మాత్రలన్నింటినీ ప్రభంజన్ కలంతో కొట్టేశాడు.

"ఇక నీకు విముక్తి అమ్మా."

"అదేందో గానీ, మళ్లీ రాదు గదా నాయనా?"

"మిషనుందిగా!"

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

ఐదోరోజు, కాగుతున్న నూనె ముందు ఆమె పడిపోయింది. చుట్టుపక్కలవాళ్లు ఎప్పటిలాగే ఆమె చేతిలో పెట్టడానికి ఇనప తాళంచెవి పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. నూనెలో కాలిన కుడిచెయ్యి చూసి ఆగిపోయారు.

"మిషను పరీక్షించాను సార్. బాగానే పనిచేస్తోంది. మరి ఎందుకిలా అయింది?" ఊరి నుంచి తిరిగొచ్చిన గురువుగారిని ప్రభంజన్ అడిగాడు.

గౌసుద్దీన్ గది తలుపు వేసి, చొక్కా గుండీలు రెండు విప్పారు. ఎడమవైపు ఛాతీ మీద పాత కోత గీత. దాని కింద, చర్మం లోపల గుండ్రటి ఉబ్బు. తర్వాత సొరుగులోంచి రెండు మాత్రలు తీసి నోట్లో వేసుకుని, నీళ్లు తాగారు.

రెండేళ్లుగా ఆ గదిలోనే ప్రభంజన్ రోజూ టీ తాగుతున్నాడు.

"ఎన్నేళ్ల నుంచి సార్?"

"మిషను పదకొండేళ్లు. మాత్రలు నలభై."

"మానెయ్యాలని ఎప్పుడూ అనిపించలేదా?"

"రోజూ అనిపిస్తుంది." గుండీలు పెట్టుకుంటూ ఆయన కిటికీ వైపు తిరిగారు. "నీకు మొదటిరోజే చూపించి ఉండాల్సిందిరా. సిగ్గుపడ్డాను."

ప్రభంజన్ వార్డుకు వెళ్లాడు. నాగరత్తమ్మ కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు. ఎడమచేత్తో మాత్రల పట్టీతో కుస్తీ పడుతోంది. అతన్ని చూసి నవ్వబోయింది.

"పెద్దసారు మళ్లీ రాసిచ్చినాడు. ఒంటిచేత్తో రావట్లేదు నాయనా, కాస్త తీసియ్యి."

అతను పట్టీ అందుకున్నాడు. ఒక్కో మాత్రా నొక్కి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. నీళ్లగ్లాసు పట్టుకుని, ఆమె మింగేదాకా నిలబడ్డాడు.