వరుణస్తుతిని పూరించిన ఆర్జవి

పూర్వం, నదీనదాలు ఇంకా మునుల మాట విని దారి మళ్లే యుగంలో, హేమకూల దేశాన్ని ధర్మైకనిరతుడైన సుకేతన మహారాజు పాలిస్తూ ఉండగా, తొమ్మిదేళ్లు వరుసగా చినుకు రాలక, పుణ్యతరంగిణి అయిన వేత్రిణి ఇసుకపాయగా మిగిలి, ప్రజలు తట్టాబుట్టా నెత్తిన పెట్టుకొని పొరుగు దేశాలకు వలసపోసాగారు. అందుకు కుమిలిపోయిన రాజు తపోనిధియైన ఔర్ణవ మహర్షిని శరణు వేడగా, ఆ మహాత్ముడు జలాధిపతియైన వరుణదేవుని నూరు శ్లోకాలతో స్తుతింప సంకల్పించి, నలభై పూర్తిచేసి, నలభై ఒకటవదానికి గంటం ఎత్తుతూనే ఆ ఆసనం మీదనే బ్రహ్మలీనుడైనాడు.

"సగంలో ఆగిన స్తుతి దేవతకు అపచారం. మహర్షి వంశంలోని వాక్కే దాన్ని ముగించాలి. పరుల పలుకు అందులో కలిసిందా, పాశహస్తుడైన వరుణుడు చెవి ఒగ్గడు. వచ్చే మాఘ పూర్ణిమ నాటి సత్రయాగంలో అది వినబడకపోతే ఈ దేశంపై ఆశ వదులుకోవలసిందే" అని రాజపురోహితుడు తేల్చి చెప్పగా, ఆ భారం మహర్షి ఏకైక పుత్రిక ఆర్జవి మీద పడింది.

వేదవేదాంగాలు చదివిన బ్రహ్మవాదిని ఆమె. ఇరవై ఏళ్లుగా తండ్రి చెప్పిన శ్లోకాలను ముత్యాల్లాంటి అక్షరాలతో తాటాకులకెక్కించిందే తప్ప, తనదంటూ ఒక్క పాదమైనా పలికి ఎరుగదు. గంటం పట్టగానే భయం వేసేది. రాసింది గీకేసి, గీకింది మళ్లీ రాసి, నెల తిరిగేసరికి తొమ్మిది శ్లోకాలు కూడబెట్టింది.

అప్పుడొచ్చాడు మధువక్త్రుడనే అతిథి. చందనచర్చిత గాత్రుడై, వీణ మీటినట్లు మాట్లాడుతూ, "అమ్మాయీ, నీ తండ్రీ నేనూ ఒకే గురువు దగ్గర చదువుకున్నాం. నీ కష్టం తెలిసి వచ్చాను. ఏదీ, ఆ ఆకు ఇలా ఇయ్యి" అన్నాడు. చదివి శిరఃకంపం చేశాడు. "ఆహా, తండ్రికి తగిన బిడ్డవు! ఈ నలభై ఏడవ శ్లోకంలో మాత్రం, తడికోసం రాతిని నాకుతున్న ఆవు అన్నావే, దిక్పాలకుని ముందు పలకదగిన మాటేనా అది? మౌక్తికహార విభూషితుడా అను. మీ నాన్నగారైతే అలాగే అనేవారు."

ఆర్జవి సిగ్గుపడి, పురోహితుని హెచ్చరిక మరచి, దిద్దుకుంది. మరునాడు మరో మాట దిద్దుకుంది. అప్పుడే రాసిన ఆకును ఆయన ముందు పెట్టడం, ఆయన కనుబొమలు చూసి తన శ్లోకం బాగోగులు నిర్ణయించుకోవడం అలవాటైపోయింది. మెచ్చుకున్ననాడు మరునాటి శ్లోకం అంత బాగుండదేమోనని బెంగ. మెచ్చుకోనినాడు రాసిందంతా చించివేయాలన్న కసి. రెండో నెల గడిచేసరికి, ఆయన ఎదురుగా లేకపోతే మొదటి అక్షరమైనా పెట్టలేని స్థితికి వచ్చింది.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం, అడవినుంచి ఆశ్రమానికి దుంపలు తెచ్చే దూర్వ అనే ముసలి బోయత గంప దించుతూ, "ఏమ్మా, ఆ అయ్య వచ్చి నెల దాటిపోయె. ఒక్కనాడన్నా నీళ్లడిగాడా?" అంది.

"ఎందుకడుగుతున్నావు, అవ్వా?"

"ఈ దేశంలో గడప తొక్కిన ప్రతోడూ ముందు నీళ్లే అడుగుతాడు. రాజుగారి బంటు కూడా గుక్కెడు తాగినాకే కబురు చెబుతాడు. ఈయన పెదాలు చూడు, చిగురాకులే! నాకెందుకో మనసు ఒప్పట్లేదమ్మా."

ఆనాటినుంచి ఆర్జవి అతిథిని ఓరకంట కనిపెట్టసాగింది. ఆయన కమండలం మూతికి సాలెగూడు అల్లుకొని ఉంది. ఎవరీయన? ఎవరు పంపారు? అనుమానమంటూ మొదలయ్యాక అది ఒకరితో ఆగలేదు. ఎన్ని శ్లోకాలైనాయని రోజూ అడిగించే పురోహితుని ఆంతర్యం ఏమిటి? ఈ దూర్వ తనకే వచ్చి చెప్పడమేమిటి? చివరికి, తండ్రి నలభై దగ్గరే ఎందుకు ఆగాడన్న శంక కూడా పొడసూపింది.

ఆ శంక తన ఆకుల మీదికి మళ్లినప్పుడే ఆమెకొక దారి దొరికింది. తాటాకులన్నీ పరచి ఒక్కొక్క పాదమే చదివింది. కొన్ని పాదాలు చదువుతుంటే అవి రాసినప్పుడు ఎక్కడ కూర్చున్నదీ, ఏ మాట కోసం ఎంత తడుముకున్నదీ గుర్తొచ్చింది. కొన్ని మాత్రం నున్నగా జారిపోయాయి. వాటి వెనుక ఏ జ్ఞాపకమూ లేదు. జ్ఞాపకం లేనివన్నీ అతిథి మాటలే. వాటిని గీకివేసి తన మాటలే తిరిగి రాసింది.

అతిథిని పొమ్మనడం ధర్మం కాదు గనుక, అర్ఘ్యపాద్యాలు తప్పకుండా ఇస్తూనే, ఆకులు ఇవ్వడం మానేసింది. తూర్పు తెల్లవారగానే ఎవరితోనూ పలకకుండా ఎండిన వేత్రిణి ఇసుకలోకి దిగి, తోచిన శ్లోకమొకటి ఆకు మీద ఎక్కడా గీకివేయకుండా రాసి, దాన్ని ఆశ్రమంలోని ఖాళీ ధాన్యపు గరిసెలో పడవేసి మూత పెట్టేసేది. మూడు రోజులు తాను కూడా చూసేది కాదు. నాలుగోనాడు తీసి, దుంపలు చెక్కుతున్న దూర్వ పక్కన కూర్చొని గొంతెత్తి చదివేది. ఎలా ఉందని అడిగేది కాదు. తన గొంతు ఎక్కడ తడబడితే అక్కడ ఒక్కసారి దిద్ది, ఇక ఆ ఆకు ముట్టేది కాదు.

మొదట్లో రాసినవి చదివితే ఆమెకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అయినా మానలేదు. ఇరవై నాళ్లకు ఒక సంగతి గమనించింది: భయం రోజూ వస్తూనే ఉంది, కానీ అది వచ్చి కూర్చునేలోగానే చేయి రాయడం మొదలుపెడుతోంది.

మధువక్త్రుడు మొదట బుజ్జగించాడు. తరువాత బెదిరించాడు. "ఒకరికి చూపని కవిత్వాన్ని ఎవరు నమ్ముతారు? నిండు సభలో నవ్వులపాలవుతావు సుమా!"

ఆర్జవి చేతులు జోడించి, "ఆర్యా, తమకు దాహమే వేయదా?" అని అడిగింది.

ఆయన ముఖం వెలవెలబోయింది. ఆ సాయంకాలానికే ఆశ్రమం విడిచిపోయాడు.

మాఘ పూర్ణిమ నాడు ఆమె యజ్ఞవాటిక చేరేసరికి, ఆయన రాజు పక్కనే రత్నపీఠం మీద ఉన్నాడు. "మహారాజా, ఈమె రాసినదేదీ లేదు, ఉంటే దాచదు. మహర్షీ నేనూ ఒకే గురువు శిష్యులం గనుక ఒకే వంశం కింద లెక్క. దేశహితం కోరి ఆ లోటు నేనే పూరించాను" అని, మహర్షి శ్లోకాలకు తనవి అరవై చేర్చి గంధర్వగానంతో ఆలపించగా సభ పరవశించి ఊగిపోయింది. ఆకాశం మాత్రం ఇత్తడిపళ్లెంలా మెరుస్తూనే ఉంది.

రాజు ఆర్జవి వైపు అనుమానంగా చూసి, "తల్లీ, నిజంగా రాసి ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు దాచావు?" అన్నాడు.

"ప్రభూ, పొదుగుతున్న గుడ్డును నలుగురి చేతికీ ఇవ్వలేకపోయాను. ఇప్పుడు వినండి."

ఆమె తండ్రి శ్లోకాలతో మొదలుపెట్టింది. నలభై దాటి, నలభై ఏడవ శ్లోకం వచ్చేసరికి, మౌక్తికహారమన్న నున్నని మాట దానంతటదే నాలుక మీదికి జారింది. ఆర్జవి ఆగింది. సభ గుసగుసలాడింది. మధువక్త్రుడు చిరునవ్వు నవ్వాడు. ఆమె కళ్లు మూసుకొని, తాను చూసిన ఆ ఆవును తలచుకొని, తడికోసం రాతిని నాకుతున్న ఆవు అనే పలికింది. ఇక తడబాటు లేదు. నూరవ శ్లోకం ముగిసేసరికి పడమట నల్లని మేఘం లేచింది. అందులోనుంచి మకరవాహనుడై, పాశహస్తుడై వరుణదేవుడు సాక్షాత్కరించాడు. మధువక్త్రుని వేషం కరిగి, అమరావతికి చెందిన కలభాషి అనే గంధర్వుడు తలవంచుకొని నిలిచాడు. వాన కురిపించిన కీర్తి వరుణునికి దక్కుతుందని ఈర్ష్యపడి ఇంద్రుడే అతణ్ణి పంపాడు.

"నా మెడలోని ముత్యాలను పొగిడినవారు వేలమంది. ఆ ఆవు సంగతి నాకు చెప్పినదానవు నీవొక్కతెవే. ఇక ఎన్నడూ తడబడని వాక్కును వరంగా ఇస్తున్నాను, గ్రహించు" అన్నాడు జలేశ్వరుడు.

ఆర్జవి మోకరిల్లి కూడా ఒక్క క్షణం సందేహించింది. "దేవా, ఆగ్రహించవద్దు. ఆ వాక్కు తమదవుతుంది, నాది కాదు. నా తడబాటు నాకే ఉండనీయండి. కొత్తగా రాయ కూర్చున్నవారి ఆకు మీద, మూడు దినాలపాటు ఎవరి మెప్పూ, ఎవరి తప్పూ పడకుండా తెర కట్టండి. అది చాలు."

వరుణుడు ఫక్కున నవ్వి, "నా వరాన్నే శంకించావు! తథాస్తు" అని అంతర్హితుడైనాడు.

సిగ్గుపడిన ఇంద్రుడు తన మేఘాలను కూడా తోడు పంపగా, ఏడు దినాలు ఎడతెగని వాన కురిసి, వేత్రిణి ఒడ్డులొరసి ప్రవహించింది. వలసపోయినవారు తిరిగివచ్చి దున్నుకున్నారు. సుకేతన మహారాజు ఆర్జవికి సత్రయాగంలో అగ్రాసనమిచ్చి గౌరవించాడు. ఈ వృత్తాంతాన్ని శ్రద్ధగా విన్నవారికి తాము రాసినదానిపై తమకే నమ్మిక కుదురుతుందనీ, ఇంద్రుడు పంపిన ముఖస్తుతి సైతం వారి గడప తొక్కజాలదనీ వరుణదేవుడే సెలవిచ్చాడు.